పొట్ట దిగలేదని నడికట్టు బిగించే ముందు

కాన్పయి ఆరేడు నెలలైనా పొట్ట ఎత్తుగానే ఉంటే మన నెల్లూరు, ఒంగోలు వైపు మొదట వినపడే మాట ఒకటే. "నడికట్టు సరిగ్గా కట్టుకోలేదు, అందుకే అట్టా ఉండిపోయింది." నింద తల్లి మీద పడుతుంది. ఆ తర్వాత ఎవరో ఫోన్లో ఒక వీడియో చూపిస్తారు, ముప్పై రోజుల్లో పొట్ట మాయమని. అందులో ఉండేవి ఎక్కువగా పడుకుని లేచే గుంజిళ్ళు, రెండు కాళ్ళు కలిపి పైకెత్తడాలు. విడిపోయిన పొట్ట కండరాలకు మొదటి నెలల్లో చేయకూడనివి సరిగ్గా అవే. ఈ రెంటి మధ్యా నలిగిపోయే తల్లుల కోసం ఇది వివరంగా రాస్తున్నాను.

పక్కటెముకల దగ్గర నుంచి పొత్తికడుపు అడుగున తగిలే జఘన ఎముక దాకా రెక్టస్ కండరాలు రెండు పట్టీల్లా నిలువుగా దిగుతాయి. ఆ రెంటినీ కలిపి ఉంచేది లీనియా ఆల్బా అనే తెల్లటి గట్టి పొర. అది కండరం కాదు, నారలతో నేసిన పట్టీ. నెలలు నిండేకొద్దీ గర్భసంచి ముందుకు తోస్తుంది, హార్మోన్లు ఆ నారలను మెత్తబరుస్తాయి, పట్టీ అడ్డంగా సాగుతుంది. కండరాలు రెండూ పక్కలకు జరుగుతాయి. దీన్నే డయాస్టాసిస్ రెక్టై అంటారు. ఏదీ చిరగలేదు, తెగలేదు, సాగింది అంతే. రెండు కండరాల మధ్య ఎడం సుమారు 2 సెంటీమీటర్లు దాటితే విడిపోయినట్టు లెక్క వేస్తారు.

ఇది అరుదేమీ కాదు. నార్వేలో 300 మంది తొలిచూలు తల్లులను చూసి 2016లో వెలువరించిన అధ్యయనంలో కాన్పయిన 6 వారాలకు 60 శాతం మందిలో, 6 నెలలకు 45 శాతం మందిలో, ఏడాదికి దాదాపు 33 శాతం మందిలో ఎడం కనిపించింది. అందులోనే ఇంకో రెండు సంగతులు మనకు పనికొస్తాయి. వారానికి ఇరవై సార్లకు పైగా బరువులెత్తే వాళ్ళలో ఇది ఎక్కువగా కనిపించింది. ఎడం ఉన్నవాళ్ళకు లేనివాళ్ళకంటే నడుంనొప్పి ఎక్కువేమీ లేదు. కాబట్టి బాలింత నడుంనొప్పి అనగానే "కండరాలు విడిపోయాయి, అందుకే" అని తేల్చేయకూడదు. కారణం విడిగా వెతకాలి.

ఎడం చాలావరకు మొదటి ఎనిమిది వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ తర్వాత తగ్గే వేగం బాగా మందగిస్తుంది. వ్యాయామం అవసరం ఎక్కువగా కనిపించేది అక్కడి నుంచే.

ముందు ఎవరికి వాళ్ళు చూసుకోవడం ఎలాగో చెబుతాను. నవ్వారు మంచం మీద, మెత్తటి పరుపు మీద కుదరదు, నడుము కుంగిపోతుంది. నేల మీద చాప వేసుకోవాలి. మూత్రానికి వెళ్ళొచ్చి వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనించాలి. ఒక చేతి మూడు వేళ్ళు కలిపి, కొనలు పాదాల వైపు ఉండేట్టు బొడ్డు మీద నిలువుగా ఆనించి మెత్తగా లోపలికి నొక్కాలి. ఇప్పుడు తల మాత్రం, భుజాలు లేచీ లేవనంతగా ఎత్తాలి. వేళ్ళకు రెండు పక్కలా రెండు గట్టి అంచులు దగ్గరకు వస్తాయి. ఆ అంచుల మధ్య ఎన్ని వేళ్ళు పడుతున్నాయో అదీ వెడల్పు. ఇలాగే బొడ్డుకు మూడు వేళ్ళ పైన ఒకసారి, మూడు వేళ్ళ కింద ఒకసారి చూడాలి. సిజేరియన్ అయితే గాయం మానాక, అంటే 6 వారాల తర్వాతే.

ఇక్కడ తప్పులు బాగా జరుగుతాయి. తల మరీ ఎత్తేస్తే కండరాలు బాగా బిగిసి ఎడం దగ్గరపడుతుంది, ఉన్నది లేనట్టు తెలుస్తుంది. ముందే పొట్ట లోపలికి లాగి పెట్టినా లెక్క తప్పుతుంది. ఒకసారి అత్తగారి వేళ్ళతో, ఇంకోసారి అక్క వేళ్ళతో కొలిస్తే పోల్చడానికే ఉండదు. మీ వేళ్ళను ఒకసారి స్కేలు మీద పెట్టి వెడల్పు ఎంతో రాసి పెట్టుకోండి, ప్రతిసారీ అవే వేళ్ళు వాడండి. రోజూ కొలవకండి. రెండు వారాలకొకసారి చాలు. రోజూ నొక్కి చూసుకుంటే మిగిలేది దిగులే.

అయితే వెడల్పు కంటే ముఖ్యమైనది లోతు, బిగువు. వేలు గోరు మునిగేంత దిగిందా, మొదటి కణుపు దాకానా, రెండో కణుపు దాకానా? అడుగున పొర లాగి కట్టిన నులకలా బిగువుగా తగిలిందా, నానిన గుడ్డలా జారిపోయిందా? ఒక తల్లికి ఎడం మూడు వేళ్ళుండొచ్చు, అడుగు గట్టిగా ఉంటే ఆమె బిందె ఎత్తగలదు, దగ్గగలదు, పని చేసుకోగలదు. ఇంకొకామెకు రెండు వేళ్ళే ఉన్నా పొర వదులైతే ప్రతి కదలికకూ పొట్ట మధ్యలో ఉబ్బుతుంది. మొదటామె కంటే ఈమెకే వ్యాయామం ఎక్కువ అవసరం. ఫిజియోథెరపీ పరిశోధకులు డయాన్ లీ, పాల్ హాడ్జెస్ 2016లో చూపించిందీ ఇదే. లోపలి అడ్డకండరాన్ని ముందుగా బిగించి తల ఎత్తినప్పుడు ఎడం అంతగా దగ్గరపడలేదు, కానీ మధ్య పొర వంకరపోకుండా చక్కగా బిగిసింది. ఎడం మూయడం ఒక్కటే గురి కాదని, మధ్య పొర బరువును మోయగలగాలని నేను గట్టిగా నమ్మేది అందుకే.

ఆ అడ్డకండరం పేరు ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. వెన్ను దగ్గర మొదలై పొట్ట చుట్టూ అడ్డంగా వచ్చి లీనియా ఆల్బాలో కలుస్తుంది. ఒళ్ళు తనకు తానే కట్టుకున్న నడికట్టు అది. దానికి పైన ఊపిరి కండరం డయాఫ్రం, కింద మూత్రాశయాన్నీ గర్భసంచినీ మోసే పెల్విక్ ఫ్లోర్. ఈ మూడూ కలిసి పనిచేస్తేనే పొట్టలో ఒత్తిడి అదుపులో ఉంటుంది. అందుకే మొదటి మెట్టు ఊపిరి.

మామూలు కాన్పయితే మొదటి రోజుల నుంచే దీన్ని మొదలుపెట్టొచ్చు. సిజేరియన్ అయినా నొప్పి ఓర్చుకోగలిగినంతలో మెల్లగా ఊపిరి తీయొచ్చు. పడుకుని మోకాళ్ళు మడిచి ఒక చెయ్యి కింది పక్కటెముకల మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో గాలి పీల్చినప్పుడు పక్కటెముకలు పక్కలకు గొడుగులా విచ్చుకోవాలి. వదిలేటప్పుడు కట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో ఊదినట్టు పెదాల మధ్య నుంచి నిదానంగా వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఛాతీ పైకి లేవడం, పొట్టను కావాలని బెలూన్లా ఉబ్బించడం, రెండూ తప్పే.

నాలుగైదు రోజులకు ఊపిరి వదిలే సమయానికి పెల్విక్ ఫ్లోర్‌ను జోడించాలి. మూత్రం, గాలి రెండూ ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగాలి. పిరుదులు, తొడలు బిగించకూడదు. 5 లెక్కపెట్టేంతసేపు పట్టి, అంతసేపు పూర్తిగా వదలాలి. వదలడం చాలామంది మర్చిపోతారు, అప్పుడు కండరం అలిసిపోతుంది తప్ప బలపడదు. 8 నుంచి 10 సార్లు, రోజుకు మూడు విడతలు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయొద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోవచ్చు.

తర్వాత అడ్డకండరం. నడుం ఎముకల ముందు కొసలు చేత్తో తడిమి, అక్కడి నుంచి రెండంగుళాలు లోపలికి, కొంచెం కిందికి వేళ్ళు పెట్టుకోండి. ఊపిరి వదులుతూ బొడ్డు కింది భాగాన్ని వెన్ను వైపు నిదానంగా తీసుకోండి. బలమంతా పెట్టొద్దు, పూర్తి బలంలో మూడో వంతు చాలు. వేళ్ళ కింద గుడ్డ మెల్లగా బిగుసుకున్నట్టు తెలియాలి. వేళ్ళను పైకి తోస్తూ ఉబ్బితే పని చేస్తున్నది పై కండరాలు, అడ్డకండరం కాదు. నడుము కదిలినా, ఊపిరి బిగబట్టినా తప్పే. 5 లెక్క పట్టి మాట్లాడుతూనే ఉండగలగాలి, మాట రాలేదంటే బిగబట్టారని అర్థం. 10 సార్లు, రోజుకు రెండు విడతలు. వారం గడిచాక 10 లెక్కకు పెంచండి. తర్వాత కూర్చుని, చేతులూ మోకాళ్ళూ ఆనించి, నిలబడి ఇదే చేయాలి. ఈ మెట్టు సరిగ్గా రాకపోతే తర్వాతవన్నీ దండగ. రెండు వారాలు ఇక్కడే ఆగినా పోయేదేం లేదు.

మామూలు కాన్పయితే 3 నుంచి 6 వారాల మధ్య, సిజేరియన్ అయితే డాక్టరు గాయం చూసి సరేనన్నాక కాళ్ళ కదలికలు చేర్చాలి. వెల్లకిలా పడుకుని అడ్డకండరం పట్టి ఒక మడమను నేల మీద జారుస్తూ కాలు చాపి మళ్ళీ మడవడం. నున్నటి గచ్చు మీద కాలికి మేజోడు వేసుకుంటే జారుతుంది. తర్వాత ఒక మోకాలిని పక్కకు వాల్చి తేవడం. తర్వాత ఒక పాదం నాలుగంగుళాలు ఎత్తి దించడం. తర్వాత మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనించి నడుము ఎత్తే బ్రిడ్జి. ఒక్కోటి 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు. బరువు పడే క్షణంలోనే ఊపిరి వదలాలి. ఇవి సాఫీగా వస్తున్నాక గోడకు చేతులానించి పుష్‌అప్, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురు చెయ్యీ కాలూ చాపడం. మామూలుగా 8 నుంచి 12 వారాల సాధనకు మార్పు కనిపిస్తుంది. అదీ వారానికి ఐదు రోజులైనా చేస్తే.

ఏ వ్యాయామమైనా మీకు ఎక్కువో కాదో చెప్పే గుర్తు ఒకటుంది. పొట్ట నడిమధ్యలో పొలం గట్టులాగా నిలువుగా ఒక మిట్ట లేస్తే అడ్డకండరం ఓడిపోయిందని అర్థం. అక్కడ ఆగి అంతకు ముందు మెట్టుకు దిగాలి. గట్టు లేవకుండా వారం పాటు చేయగలిగితేనే పై మెట్టు. తల ఎత్తే వ్యాయామాలు, మోచేతులూ కాలివేళ్ళ మీద ఒళ్ళు నిటారుగా నిలిపే ప్లాంకు, యోగాలో తలా కాళ్ళూ ఎత్తి పడవలా నిలిచే నౌకాసనం లాంటివి శాశ్వతంగా నిషేధం కాదు. గట్టు లేవకుండా, మూత్రం జారకుండా చేయగలిగిన రోజున చేసుకోవచ్చు. మూడో నెలలో చేయలేనిది ఏడో నెలలో చేయగలగొచ్చు.

అసలు కష్టం ఇక్కడ ఉంది. రోజుకు ఇరవై నిమిషాలు వ్యాయామం చేసి మిగతా పొద్దంతా ఆ పొర మీద ఒత్తిడి వేస్తుంటే ఎలా బాగుపడుతుంది? కనిగిరి, పొదిలి వైపు తాగునీళ్ళకు 20 లీటర్ల క్యాన్లే దిక్కు. అంటే 20 కిలోలు. పచ్చి బాలింత దాన్ని ఒంగి ఎత్తి స్టాండు మీద పెట్టడం, వ్యాయామమంతా ఒక్క క్షణంలో పోగొట్టుకోవడమే. క్యాను నేల మీదే ఉంచి మూతికి చేతిపంపు తగిలించి చిన్న బిందెల్లోకి పట్టుకోండి. మొదటి ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దు. ఆ తర్వాత కూడా ఎత్తక తప్పకపోతే వస్తువును ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, మోకాళ్ళు మడిచి, ముందు ఊపిరి వదలడం మొదలుపెట్టి అప్పుడు ఎత్తాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే ఒత్తిడంతా మధ్య పొర మీదా, కింద గర్భసంచి మీదా పడుతుంది. బిందెనైనా బిడ్డనైనా ఎప్పుడూ ఒకే చంకన మోయకుండా పక్క మార్చండి.

చాప మీద నుంచి లేవడం ఇంకొకటి. వెల్లకిలా పడుకున్నవాళ్ళు నేరుగా లేచి కూర్చుంటే అది ఆ వీడియోల్లోని పడుకుని లేచే గుంజీ తీసినట్టే. రాత్రి పాలకోసం నాలుగైదు సార్లు లేచే తల్లి అన్ని గుంజీలూ తీస్తోందన్నమాట. మోకాళ్ళు మడిచి, భుజాలూ నడుమూ కలిపి ఒక పక్కకు దొర్లి, కాళ్ళు పక్కకు వాల్చి, రెండు చేతులతో నేలను నెట్టుకుంటూ లేవాలి. చీర ఉయ్యాల్లోంచి బిడ్డను తీసేటప్పుడు కూడా చెయ్యి చాచి లాగకుండా దగ్గరకు నడిచి మోకాళ్ళు మడవాలి.

మలబద్ధకం గురించి ఎవరూ మాట్లాడరు. పథ్యం పేరుతో బాలింతకు కూరలు తగ్గించి, నీళ్ళు ఎక్కువ తాగితే ఒళ్ళు చల్లబడుతుందని గ్లాసు లెక్కన ఇచ్చే ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి నీళ్ళు మామూలు కంటే ఎక్కువ కావాలి. నీళ్ళు తగ్గితే మలం గట్టిపడుతుంది, రోజూ ముక్కాల్సి వస్తుంది. ఆ ముక్కుడు ఒత్తిడి వ్యాయామమంతటినీ తుడిచేస్తుంది. ఆకుకూర, పండు, కావలసినన్ని నీళ్ళు ఇవ్వండి. వెస్టర్న్ కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుని ముందుకు వంగి, నోరు తెరిచి ఊపిరి వదులుతూ వెళ్ళాలి. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు ముందుగా పెల్విక్ ఫ్లోర్ బిగించి, దిండు పొట్టకు హత్తుకోవాలి. దగ్గు రెండు వారాలు దాటినా తగ్గకపోతే ముందు దానికి మందు వాడుకోవాలి.

కూలికి వెళ్ళే తల్లులకు సెలవు లేదన్నది నిజం. పెన్నా కింద వరి నాట్లకు పోయేవాళ్ళు పొద్దంతా వంగే ఉండాలి. వీలైతే మూడు నెలలు దాటాకే వెళ్ళండి. వెళ్ళాక గంటకొకసారి నిటారుగా నిలబడి నాలుగు నిదానపు ఊపిర్లు తీసుకుని, అడ్డకండరం నాలుగుసార్లు పట్టి మళ్ళీ వంగండి. పొగాకు ఆరబెట్టే బారన్ల దగ్గర ఆకు కట్టిన కర్రలను తలపైకి ఎత్తి అందించడం అంతకంటే చెడ్డది. చేతులు పైకి పోయి వెన్ను వెనక్కి వంగితే మధ్య పొర ఇంకా సాగుతుంది. ఆ సీజన్లో కింద కూర్చుని ఆకు గుచ్చే పని ఇప్పించమని మేస్త్రీని అడగండి. ఇంట్లోవాళ్ళు అడగడం ఇంకా మేలు.

ఇక నడికట్టు. పెద్దలు కట్టేది పూర్తిగా దండగ కాదు. వదులైన పొట్టకు ఆసరా దొరికి, నిలబడి నడవడం తేలికవుతుంది, కుట్లున్నవాళ్ళకు భయం తగ్గుతుంది. అయితే కట్టు కండరాలను కలపదు. మెత్తటి పాత నూలు చీర గుడ్డను జాన వెడల్పు మడత పెట్టి, నడుం ఎముకల దగ్గర కింది నుంచి మొదలుపెట్టి పైకి చుట్టాలి. పైన బిగించి కింద వదిలేస్తే ఒత్తిడి కిందికి దిగి మూత్రం జారడం, గర్భసంచి జారడం లాంటివి పెరగొచ్చు. కట్టాక రెండు వేళ్ళు సులువుగా దూరాలి, నిండుగా ఊపిరి అందాలి. నిద్రపోయేటప్పుడూ వ్యాయామం చేసేటప్పుడూ తీసేయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత రోజుకు అరగంట చొప్పున తగ్గిస్తూ మానేయాలి. రోహిణీ కార్తె ఎండల్లో రబ్బరు బెల్టు వేస్తే చెమటకు చర్మం పాసిపోతుంది, కుట్ల దగ్గర మరీ. నెలలకొద్దీ బెల్టుతోనే తిరిగితే అడ్డకండరానికి పనిలేక ఇంకా బలహీనపడుతుంది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వల్లే పొట్ట వచ్చిందనేది మనవైపు బలంగా నాటుకున్న నమ్మకం. కాన్పయిన వెంటనే చేసే ఆపరేషన్‌కు బొడ్డు కింద కోత చాలా చిన్నది. దాని వల్ల రెండు కండరాలు పై నుంచి కింది దాకా విడిపోవు. అవి అప్పటికే గర్భంతో విడిపోయి ఉంటాయి. సిజేరియన్లో కూడా ఈ కండరాలను మామూలుగా కోయరు, మధ్యలో విడదీసి పక్కకు జరుపుతారు. ఈ రెంటిలో ఏది జరిగినా వ్యాయామం ఆలస్యంగా మొదలవుతుంది, అంతే. నాలుగేళ్ళ తర్వాత మొదలుపెట్టినా కండరం బలపడుతుంది.

కొన్ని విషయాల్లో ఆలస్యం చేయొద్దు. బొడ్డు దగ్గర నిలువు గట్టు కాకుండా, చుట్టూ అంచు తెలిసే గుండ్రటి కన్నం వేలికి తగిలితే అది హెర్నియా, అంటే పొట్ట గోడలోని కన్నంలోంచి లోపలి కొవ్వో పేగో బయటికి పొడుచుకు రావడం, కావొచ్చు, సర్జన్ చూసి అల్ట్రాసౌండ్ చేయించాలి. ఆ ఉబ్బు గట్టిపడి, నొప్పిపెట్టి, లోపలికి పోకుండా, వాంతులు కూడా అయితే అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మూడు నెలలు దాటినా దగ్గితే మూత్రం పడుతున్నా, కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉన్నా సిగ్గుపడకుండా గైనకాలజిస్టుకు చెప్పాలి. ఏడాది పాటు సరిగ్గా చేసినా పొర వదులుగానే ఉండి, పనులకు అడ్డమవుతుంటే సర్జరీతో రెండు అంచులనూ కుట్టి దగ్గరకు తేవొచ్చు. దాన్ని ఇక పిల్లలు వద్దనుకున్నాకే చేయించుకోవాలి, మళ్ళీ గర్భం వస్తే ఆ కుట్టు మళ్ళీ సాగుతుంది.

రెండో కాన్పు అనుకుంటున్నవాళ్ళు గర్భం రాకముందే ఊపిరి, పెల్విక్ ఫ్లోర్, అడ్డకండరం ఈ మూడూ చేతికొచ్చేట్టు చూసుకోండి. నెలలు పెరిగాక వెల్లకిలా ఎక్కువసేపు పడుకోకుండా, పక్కకు తిరిగి పడుకుని, కూర్చుని, నిలబడి అవే కొనసాగించొచ్చు. లేచేటప్పుడు పక్కకు దొర్లి లేవడం మాత్రం మొదటి నెల నుంచే అలవాటు చేసుకోండి.